పిలుపు లేని చోటు

నకిరేకల్,
10 జులై 2023

నా బిడ్డ కరుణకు పెద్దమ్మ అండాలు దీవించి రాసేది.

నేను ఉన్నాను. మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, దగ్గు ఉన్నది, చెవులు మాత్రం పోయినట్టే. నువ్వు ఫోన్ చేస్తే పక్కింటి లాల్ బీ ఎత్తి, "నీ బిడ్డ మంచిగున్నదంట" అని నా చెవిలో అరుస్తుంది. ఆ ఒక్క ముక్కతో నా మనసు నిలవదు. అందుకే కాయితం మీద రాస్తున్నాను. రాత్రి బడిలో నేర్చిన రాత, తప్పులుంటే దిద్దుకొని చదువు.

నిన్న నిమ్మకాయల మార్కెట్లో కాయలు ఏరుతుంటే గుమస్తా దివాకర్ వచ్చి ఫోన్ నా ముఖానికి పెట్టాడు. అందులో నీ బొమ్మ. నీకు అటూ ఇటూ కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులు. కింద "మన పాలమూరు నాయకులు" అని రాసి ఉన్నదట. "అండాలవ్వా, నీ బిడ్డ లీడరయింది. ఇగ మాకు పింఛన్లు నువ్వే ఇప్పియ్యాలె" అని నా చెవిలో అరిచాడు. మార్కెట్ అంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఓట్ల దినాలు వస్తున్నాయి బిడ్డా. ఎవరు నిలబెట్టారు నిన్ను? ఏ జెండా? గెలిచినవాళ్లు ఎట్లాగూ గుర్తుపెట్టుకోరు, ఓడినవాళ్లు మాత్రం గుర్తుపెట్టుకుంటారు. నువ్వు ఒక్కదానివి, మొగని దిక్కు లేదు, కిరాయి ఇల్లు. ఇంటి మీదికి రాళ్లు వస్తే ఎటు పోతావు?

ఇంకొకటి అడగాలి. ఆ బొమ్మ కింద నీ పని రాశారా? నువ్వు శ్మశానంలో కాపలా ఉంటావని, కట్టెలు పేర్చి పీనుగులను కాలుస్తావని నేను ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. మున్సిపాలిటీలో పని అని చెప్పాను. అబద్ధమేం కాదు, జీతం ఇచ్చేది వాళ్లే కదా. తెలిసి ఇదివరకు నీతో రెండు ఇండ్లు ఖాళీ చేయించారు. ఇప్పటి ఇంటామె నర్సింగమ్మకు తెలియనియ్యకు.

పని నుంచి వచ్చి బయటనే తానం చేస్తున్నవా? తల ఆరకముందే పండకు. పొయ్యి పొగ జర తగిలితేనే నాకు ఊపిరి ఆడదు, ఆ పొగలో నువ్వు రోజంతా ఎట్లా ఉంటున్నవో.

జవాబు జల్ది రాయి. రాయకుంటే జైల్లో వేశారనుకుంటాను.

నీ పెద్దమ్మ.


మహబూబ్‌నగర్,
22 జులై 2023

పెద్దమ్మకు కరుణ దండాలు.

నేను జైల్లో లేను. పనికాడనే ఉన్నాను. వానలకు కట్టె తడిసి అంటుకోక సతాయిస్తున్నది, అందుకే రాయడం ఆలస్యమయింది.

అది పార్టీ కాదు పెద్దమ్మా. జెండా లేదు, ఓట్లు లేవు. "పాలమూరు మేలు బృందం" అని ఊరి బాగు కోరేవాళ్లు పెట్టుకున్న సంఘం. మోరీలు, వీధిదీపాలు, బడులు, ఇట్లాంటివి మాట్లాడి ఆఫీసర్లకు చెబుతారు. నన్ను అందులోకి తీసుకుపోయింది వకీలు కమలాకర్ సార్. ఆయన తల్లి కరోనాలో పోయింది. లోపలికి వచ్చే ధైర్యం లేక ఆయన గేటుకాడనే నిలబడిపోతే, కొరివి నేనే పెట్టాను. ఆ సంగతి ఆయన మనసులో ఉండిపోయింది.

మొదటి రోజు అందరూ ఒక్కొక్కరే లేచి తాము ఏం పని చేసి ఇంతవరకు వచ్చారో చెప్పారు. సుహాసిని మేడం పిల్లల డాక్టర్. దశరథ్ సార్ ఆడిటర్, దుకాణాల లెక్కలన్నీ ఆయన చేతిలోనే. వంతెనలు కట్టించి రిటైరైన ఇంజినీర్ ఒకాయన, కాలేజీ ప్రిన్సిపల్ ఒకామె, ఇంకా కొందరు. పని గురించి చెబుతుంటే ఒక్కొక్కరి ముఖం వెలిగిపోయింది. నాకు మంచిగ అనిపించింది. నేనూ చెబుదామని లేచేసరికి కమలాకర్ సార్ అందుకొని, "కరుణమ్మ సమాజ సేవకురాలు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఏం చెప్పకుండనే కూర్చున్నాను.

ఇప్పుడు మా అందరి బొమ్మలతో పుస్తకం వేశారు. డాక్టర్ అని, వకీలు అని, ఇంజినీర్ అని అందరికీ వాళ్ల పని ఉన్నది. నా బొమ్మ కింద "సమాజ సేవ" అని ఉన్నది. నాకు నెల నెలా జీతం వస్తుంది పెద్దమ్మా. ఒక దినం పోకుంటే కోత పెడతారు. సేవకు కోత ఉంటుందా? ఆయన మర్యాద కోసమే అట్లా అన్నాడు, నాకు ఎరుకే. కానీ నా పనిని బట్ట కప్పి దాచినట్టయింది.

ఈ సంఘానికి ఒక పద్ధతి ఉన్నది. నెలకొకసారి ఒక్కొక్కరు తమ పనిచోటికి మిగతావాళ్లను పిలిచి అక్కడే మీటింగు పెట్టాలి. మొన్న డాక్టరమ్మ దవాఖానకు పోయాం. పిల్లలు కూర్చునే చిన్న కుర్చీలలో అంత పెద్ద పెద్ద మనుషులు మోకాళ్లు ముడుచుకొని కూర్చున్నారు. చాయ్, సమోసాలు ఇచ్చారు. అక్టోబర్‌లో నా వంతు. అప్పుడు నేనే పిలుస్తాను. చూస్తే వాళ్లకే తెలుస్తుంది కదా.

మందులు వేసుకుంటున్నవా? మార్కెట్‌కు పోకుంటే ఏం, ఇంట్లో కూర్చోరాదా?

నీ కరుణ.


నకిరేకల్,
3 ఆగస్టు 2023

నా బిడ్డ కరుణకు పెద్దమ్మ దీవెనలు.

నీ ఉత్తరం వచ్చింది. కవరు ఒక మూల చినిగి ఉన్నది, ఎవరన్నా చదివారో ఏమో. ఈసారి గట్టిగ అంటించు.

నౌకరి ఎప్పుడు ఇడిసిపెట్టినవు? ఉత్తరంలో సేవ అని రాసి ఉన్నది. సేవ అంటే పైసలు తీసుకోకుండ చేసేదే కదా. లాల్ బీని అడిగితే ఆమె కూడా అదే అన్నది. కోత అని కూడా రాశావు, జీతం కోసేశారా? మరి కిరాయి ఎట్లా కడుతున్నవు? ఇక్కడికి వచ్చెయ్యి. ఇద్దరం కలిసి కాయలు ఏరుకుందాం. నిమ్మకాయలు ఏరితే చేతులు మండుతాయి, అంతే. ఎవరూ ఇల్లు ఖాళీ చెయ్యమనరు.

అయినా ఆ పుస్తకంలో సమాజ సేవ అని వేశారంటే నాకైతే పానం నిమ్మళమయింది. దివాకర్‌కు నేనే పిలిచి చెప్పాను. "అబ్బో, సేవ చేస్తదా" అన్నాడు. కమలాకర్ వకీలు మంచి మనిషి, తల్లిని మరువలేదు. ఆయన కప్పిన బట్టను నువ్వెందుకు గుంజుతావు బిడ్డా? వకీలు రాసిందాన్ని తప్పంటే కోర్టు దాకా పోదా?

ఇంకా భయం పుట్టించే మాట ఒకటి రాశావు. వాళ్లను శ్మశానానికి పిలుస్తావా? నేను ఇన్నేండ్లు బతికిన. పెండ్లికి పిలుస్తారు, పండుగకు పిలుస్తారు, కొత్త ఇంట్లోకి పోతే పిలుస్తారు. ఆడికి రమ్మని బొట్టు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. రేపు వాళ్ల ఇంట్లో ఎవరికన్నా జరం వచ్చినా నిన్నే అంటారు, "అది పిలిచింది, పోయినం" అని. గుడి మండపంలో పెట్టు. కాదంటే ఏదన్నా హోటల్ చూడు. చాయ్ పైసలు నేను పంపిస్తాను.

మా మార్కెట్‌లో కాయ ధర పడిపోయింది. దగ్గు అట్లాగే ఉన్నది.

నీ పెద్దమ్మ.


మహబూబ్‌నగర్,
5 సెప్టెంబర్ 2023

పెద్దమ్మకు,

నేను నౌకరి ఇడిసిపెట్టలేదు. ఎవరూ జీతం కొయ్యలేదు. ఇది రెండుసార్లు చదువు.

నీకు నెల రోజులు జవాబు రాయలేదు. కోపం వచ్చింది, అందుకే రాయలేదు. అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వు. నా పని పేరు చెప్పడానికి నీకే నోరు రాకుంటే, బయటివాళ్లను నేనేం అంటాను?

మొన్నటి మీటింగులో లేచి నిలబడి చెప్పాను. "నా పని శ్మశానంల. అక్టోబర్ రెండో ఆదివారం మీరందరు దయచేసి అక్కడికి రావాలె" అన్నాను. తర్వాత ఒక్కొక్కరు మొదలుపెట్టారు. ఇంజినీర్ సార్ బిడ్డకు పెండ్లి కుదిరిందట, అయ్యేదాకా అటు దిక్కు పోవద్దని ఇంట్లో అన్నారట. డాక్టరమ్మ కోడలికి నెలలు నిండుతున్నాయి. ఆమె తల వంచుకొని, "నాకేం పట్టింపు లేదు కరుణా. ఇంట్ల పెద్దోళ్లు ఊకోరు" అన్నది. ప్రిన్సిపల్ మేడం, "పెత్తరమాస, పెద్దలకు పెట్టుకునే దినాలు కదమ్మా, తర్వాత చూద్దాం" అన్నది. ఆడిటర్ దశరథ్ సార్ అయితే, "నాకు చిన్నప్పటి నుంచి భయం" అని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ ఒక్క మాట నాకు నచ్చింది.

కమలాకర్ సార్ బయటికి వచ్చి నెమ్మదిగ అన్నాడు, "ఫంక్షన్ హాల్ల పెడదాం కరుణమ్మా. ఖర్చు నాది" అని. "ఫంక్షన్ హాల్ల నేను చేసే పనేముంది సార్?" అన్నాను. నీ ఉత్తరంలో ఉన్నదీ అదే మాట, ఆయన నోట్లో నుంచి వచ్చిందీ అదే మాట. మీరిద్దరూ కూడబలుక్కున్నట్టే ఉన్నది.

అలసిపోయాను పెద్దమ్మా. పీనుగులతో కాదు, అది చేయి తిరిగిన పని. ఈ సంఘంలో నుంచి నా పేరు తీసెయ్యమని చెబుదామనుకుంటున్నాను. అందరి పనికి పేరుండి నా పనికి లేనప్పుడు ఆ బొమ్మ ఎందుకు?

కరుణ.


నకిరేకల్,
16 సెప్టెంబర్ 2023

నా బిడ్డకు పెద్దమ్మ దీవెనలు.

రెండుసార్లు కాదు, నాలుగుసార్లు చదివిన. నువ్వు ఈసారి పేరు ముందు "నీ" అని రాయలేదు. అది కూడా చూసిన.

నాకు సిగ్గు అనుకున్నవా? సిగ్గు కాదు బిడ్డా, భయం. గ్యాస్ బండ లీకయితదేమోనని రాత్రి లేచి చూసే దాన్ని. బస్సు ఎక్కితే డ్రైవర్ నిద్రపోతున్నడేమోనని వెనుక నుంచి అతని మెడ చూస్తూ కూర్చునే దాన్ని. నీ రెండో ఇంటివాళ్లు సామాను బయట పెట్టిన నాడు వానలో నీ బియ్యం బస్తా తడిసింది చూడు, అది నా కండ్లలో నుంచి పోదు. నీ పని పేరు నోటి దాకా వస్తే ఆ బస్తా గుర్తుకొస్తుంది. అందుకే మింగుతున్నాను.

నీ ఉత్తరం పట్టుకొని ఏడుస్తుంటే లాల్ బీ వచ్చి కూర్చున్నది. చదివి చెప్పిన. ఆమె తమలపాకు నములుతూ అంతా విని, "గా పిల్ల దావత్‌కు పిలిచినట్టు పిలిచిందా?" అని నా చెవిలో అడిగింది. "మా ఇండ్లల్ల ఎవలన్న పోతే మసీదు మైకుల చెప్తరు. పలానాయన పోయిండు, పలాన టైముకు జనాజా అని. గంతే. రమ్మని ఎవలు అనరు. అయినా దుకాణం బందుపెట్టి వస్తరు, తొవ్వల పోయేటోడు గూడ నాలుగడుగులు భుజం పడతడు. పిలిస్తేనా, ఎవలు రారు."

నేను బిత్తరపోయిన. మనకూ అంతే కదా. చావుకు ఎవరిని పిలుస్తాం? కబురు చెప్పి వస్తాం. గడప బయటి నుంచే చెప్పి తిరిగిపోతాం, కూర్చోము, నీళ్లు తాగము, రమ్మనము. ఆ తర్వాత వచ్చేవాళ్లు వస్తారు. నువ్వు రోజూ అదే జాగలో ఉండి ఎట్లా మరిచినవు? దయచేసి రండి అంటే వాళ్లేం చేస్తారు? పిలుపు ఒప్పుకుంటే శని పట్టుకుంటదని భయం, ఒప్పుకోకుంటే నీ మర్యాద పోతదని భయం. నాలాంటి వాళ్లే పాపం.

ఇంకెవరినీ రమ్మనకు. కబురు చెప్పి ఊకో.

అక్కడ తినేది ఏం పెట్టకు. చాయ్ పొయ్యకు, అది మన పద్ధతి కాదు. గేటుకాడ కాళ్లు కడుక్కోను బకెట్ నిండ నీళ్లు మాత్రం పెట్టు. ఎవరన్నా మెట్టు మీద జారితే నీ మీదికి వస్తది, పాకురు ఉంటే గీకు. నర్సింగమ్మకు తెలిస్తే ఏం చేస్తవో నాకు తెలియదు. నాకు నిద్ర పడతలేదు.

నీ పెద్దమ్మ.


మహబూబ్‌నగర్,
9 అక్టోబర్ 2023

పెద్దమ్మకు నీ కరుణ దండాలు.

ఈసారి "నీ" ముందే రాశాను, చూసుకో.

నువ్వు చెప్పినట్టే చేశాను. సంఘం వాళ్లకు ఫోన్‌లో ఒక్క ముక్క పెట్టాను: "ఆదివారం పొద్దున నేను పనికాడ ఉంటాను." రండి అనలేదు, దయచేసి అనలేదు. ఒక్కరూ జవాబు ఇవ్వలేదు. నిన్న పొద్దున్నే మెట్ల పాకురు గీకి, బకెట్ నింపి పెట్టి కూర్చున్నాను. ఎండ ఎక్కింది, ఎవరూ లేరు. సరే, మన బతుకు ఇంతేలే అని చీపురు అందుకున్నాను.

అప్పుడు కమలాకర్ సార్ వచ్చాడు. కారు రోడ్డు మీదనే పెట్టి నడిచి వచ్చాడు. గేటుకాడ ఆగాడు, ఆ రోజు నిలబడ్డ చోటనే. నేను ఊడ్చుకుంటనే ఉన్నాను, రమ్మనలేదు. కొంచెంసేపటికి ఆయనే లోపలికి వచ్చి, "అమ్మను యాడ పెట్టిన్రు?" అన్నాడు. ఆమెను కాల్చిన దిమ్మె చూపించాను. పోయి దాని అంచు మీద చేయి పెట్టాడు.

"ఆ రోజు నేను లోపటికి రాలే" అన్నాడు.

"ఆ రోజులల్ల శానమంది రాలే సార్. గేటుకాడి దాకనన్న వచ్చిన్రు మీరు."

తర్వాత డాక్టరమ్మ వచ్చింది. "కోడలే పొమ్మన్నది. పిలిస్తే వద్దందుము, పిలవలే గద అత్తమ్మా అన్నది" అని నవ్వింది. ఈ ఉపాయం మా పెద్దమ్మదని నేను నీ పేరు చెప్పాను. ప్రిన్సిపల్ మేడం కూడా వచ్చింది, కొంగు నెత్తి మీద కప్పుకొని. ఇంజినీర్ సార్ రాలేదు, పెండ్లి అయ్యేదాకా రాడు. దశరథ్ సార్ వచ్చాడు కానీ గేటు బయటనే నిలబడి, "నేను ఇక్కడినుంచే వింట" అన్నాడు. ఆయన కోసం అందరం జర గట్టిగ మాట్లాడాం.

నా పని చూపించాను. ఎట్లా పేరుస్తామో, ఎక్కడ నిలబడతానో, అంతే. ఎక్కువ మాటలు రాలేదు. ఆడవాళ్లు తానం చెయ్యడానికి మరుగు లేదని, అందరి ముందు తడి చీరెలతో నిలబడాల్సి వస్తున్నదని చెప్పాను. రాసి పంపుతామన్నారు. రాస్తారు కావచ్చు. ఆఫీసులలో కాయితాలు ఎట్లా నడుస్తాయో నాకు ఎరుకే, నేనేం ఆశ పెట్టుకోలేదు.

అన్నీ అయినంక కమలాకర్ సార్ లేచి, ప్రతి నెలా మీటింగు చివర అనే మాటే అలవాటు కొద్దీ అనేశాడు. "చాల సంతోషం. అందరం మళ్ల ఇక్కడనే కలుద్దాం."

ఆయన ముఖం తెల్లబోయింది. డాక్టరమ్మ కండ్లు మూసుకున్నది.

"తొందరేం లేదు సార్. మెల్లగనే రండి" అన్నాను.

ముందు ప్రిన్సిపల్ మేడం కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. తర్వాత ఎవరికీ ఆగలేదు. దశరథ్ సార్ నవ్వి నవ్వి కడుపు పట్టుకొని, ఎట్లా వచ్చాడో తెలియదు, లోపల మా నడుమ నిలబడి ఉన్నాడు. తన కాళ్లు చూసుకొని, "అరె, వచ్చిన్నా?" అన్నాడు.

పోయేటప్పుడు ఎవరూ పోయొస్తమని అనలేదు. బకెట్‌లో నీళ్లతో కాళ్లు కడుక్కొని, వెనుకకు చూడకుండా పోయారు. పద్ధతి తెలిసినవాళ్లే.

పుస్తకం మళ్లీ వేస్తున్నారు. నా పని ఏమని రాయాలని అడిగారు. కమలాకర్ సార్, "వైకుంఠధామ నిర్వాహకురాలు అందామా?" అన్నాడు. "గంత పొడుగు పేరు పెడితే జీతం పెరుగుతదా సార్? కాటికాపరి అని రాయండి" అన్నాను. రాసుకున్నాడు.

నర్సింగమ్మ సంగతి. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఫోన్‌లో మా మీటింగు బొమ్మలు చూసి వాకిట్లో నిలబడి ఉన్నది. సామాను సర్దుకోవాలేమో అనుకున్నాను. "మొదటి నెలనే తెల్సు నాకు. పొగ వాసన దాగుతదా? చెప్తవేమోనని సూస్తున్న" అన్నది. అంతే. కానీ వచ్చే నెల నుంచి బోరు పంపు కాడ నా వంతు అందరికంటే ఆఖరుకు పెట్టింది. ఉండనీ, ఇల్లు అయితే ఉన్నది.

ఒళ్లంతా నొప్పులు. పండుకుంటాను.

నీ కరుణ.


నకిరేకల్,
20 అక్టోబర్ 2023

నా బిడ్డ కరుణకు పెద్దమ్మ దీవెనలు.

బతుకమ్మ ఆటలు నడుస్తున్నాయి. పాట నాకు వినపడదు, చేతులు చూసి చప్పట్లు కొడుతున్నాను. ఒక్కోసారి అందరూ ఆపినంక కూడా కొడుతున్నానట.

దివాకర్ ఫోన్‌లోకి కొత్త పుస్తకం వచ్చింది. మార్కెట్ నడుమ నిలబడి గట్టిగ చదివాడట, నేను అతని పెదవులు చూస్తున్నాను. డాక్టర్, వకీలు, ఆడిటర్. నీ దగ్గరికి రాగానే పెదవులు ఆగాయి. అందరూ నా దిక్కు చూశారు. కాటికాపరి అని చదివాడని వాళ్ల ముఖాల మీదనే తెలిసింది. "అవ్వా, నిజమేనా?" అని నా చెవికాడ అరిచాడు.

"నిజమే. నా బిడ్డ పని అదే" అన్నాను. చెవిటిదాన్ని కదా, ఎంత గట్టిగ అన్నానో, రోడ్డు అవతల అరటిపండ్లాయన కూడా తిరిగి చూశాడు.

నా పక్కన కూర్చొని కాయలు ఏరే బీరమ్మ తన గంప అవతలికి జరుపుకున్నది. నేనేం అనలేదు, కాయలు ఏరుకుంటూ కూర్చున్నాను. ఎండ ఎక్కినంక మళ్లీ ఇటే జరిపింది. నీడ నా దిక్కే ఉన్నది మరి.

నర్సింగమ్మ నీళ్ల వంతు ఆఖరుకు పెట్టిందని రాశావు. బోరు ఎండితే ఏం చేస్తవు? పెద్ద డ్రమ్ము కొనుక్కో. డ్రమ్ముకు మూత ఉండాలె, దోమలు వస్తాయి.

ఇంకొక ఫికర్ నాకు ఎన్ని ఏండ్ల నుంచో ఉన్నది, రాయలేదు. నాకు కొడుకుల్లేరు. కొరివి ఎవరు పెడతారు, ఎవరిని బతిలాడాలి అని రాత్రుళ్లు ఆలోచన చేసేదాన్ని. ఇప్పుడు ఆ ఒక్క ఫికర్ పోయింది. నాకు నువ్వే పెట్టు. అంతమంది పెద్దమనుషులకు పెట్టినదానివి, పెద్దమ్మకు పెట్టవా? లాల్ బీకి చెప్పి ఉంచాను, ఆమె నీకు కబురు చేస్తుంది. రమ్మనదు, కబురే చెబుతుంది.

తొందరేం లేదు. మెల్లగనే.

వానాకాలం అయితే మాత్రం తడి కట్టె పెట్టకు బిడ్డా. ఎండుది చూసి పెట్టు. నాకు పొగ పడదని నీకు తెలుసు కదా.

నీ పెద్దమ్మ అండాలు.